నూట ఎనభై రోజులు

ఆఫీసులో నా పని కంప్యూటర్ ఫైళ్లు దాచే స్టోరేజీ పెట్టెలకు కాపలా. వాటిలోని ఫైళ్లకు డిజిటల్ తాళంచెవులు తయారు చేస్తాను, వాటి గడువు తీరకముందే కొత్తవి పెడతాను. వాడని తాళంచెవిని ఉంచకూడదన్నది అక్కడి నియమం. నూట ఎనభై రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోకపోతే, తన కాపీలతో సహా దానంతటదే చెరిగిపోతుంది; ఫైలు మిగిలినా ఇక తెరుచుకోదు. ఆ నియమం రాసింది నేనే. ఇంట్లో ఉన్న పెట్టెకూ అదే పెట్టాను.

"నా సొల్లు కబుర్లకి కూడా తాళమా? దొంగెవడైనా వింటే వాడే పారిపోతాడు," అని మా ఆవిడ నవ్వేది. మా అమ్మాయికి చెప్పే కథలూ, నా మీద చాడీలూ ఫోన్లో రికార్డు చేసి, పేర్లు పెట్టి అందులో దాచేది.

ఆమె పోయి ఆర్నెల్లు దాటింది. చనిపోయిన వారం రోజులకు ఒక రికార్డింగు పెట్టాను. "ఏమండీ, ఇది రికార్డవుతోందా?" అని వినబడగానే ఆపేశాను. మళ్లీ వినలేదు. విన్నకొద్దీ ఆ గొంతు తరిగిపోతుందేమో అనిపించేది. ప్రతి ఆదివారం పెట్టె మీద దుమ్ము మాత్రం తుడిచాను.

ఇవాళ అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా నా దగ్గర నిలబడింది.

"నాన్నా, ఒకటి పెట్టవా? అమ్మ 'పిడుగా' అని పిలిచేది కదా. మాట గుర్తుంది. గొంతే గుర్తు రావట్లేదు."

జాబితా తెర మీదికి వచ్చింది. మొదటిది నొక్కాను. తెరుచుకోలేదు. రెండోదీ అంతే. పెట్టె తన పనులు రాసుకునే చిట్టా తీశాను. గురువారం. తాళంచెవి తొలగింపు. కారణం: వాడుక లేదు. అంతకుముందు వారమంతా రోజుకొక హెచ్చరిక మెయిల్ వచ్చింది. ఆమె పోయాక యంత్రాలు పంపే మెయిళ్లు చదవడం మానేశాను.

"ఏమైంది?"

"తాళం పోయిందమ్మా."

"తాళాల మేస్త్రివి నువ్వేగా. ఇంకోటి చెయ్యి."

"కుదరదు. కుదరకూడదనే అలా పెట్టాను."

అమ్మాయి వంగి చిట్టా చదివింది.

"ఆర్నెల్లలో ఒక్కసారి కూడా వినలేదా నాన్నా?"

వినలేకపోవడానికీ, మరిచిపోవడానికీ ఆ పెట్టెకు తేడా తెలియదు. నియమం రాసిన రోజు నాకూ తెలియదు.

"ధైర్యం చాల్లేదమ్మా," అన్నాను.

అమ్మాయి సంచీ దించి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఫైళ్లు చెరిపెయ్యకు. తెరుచుకోకపోయినా ఉండనీ."

తర్వాత వాళ్లమ్మ పెట్టిన పేర్లు ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టింది.

"వానరోజు కథ. పిడుగు అలిగింది. ఆయనగారి గురక..."

నవ్వబోయి ఆగిపోయింది.

"తర్వాతది నువ్వు చదువు నాన్నా."

తెర వైపు చూశాను. అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. చదవలేక, వేలితో ఆ పేరు చూపించాను.