పార్వతమ్మ చేతి సామాను

మా దీవుల నుంచి వైజాగ్ వెళ్ళే ఓడకి టికెట్లు ఇస్తున్నారంటే చాలు, డాలీగంజ్‌లో మా పార్వతమ్మ పిన్ని ఇంటి వరండా నిండిపోయేది. ఎండు చేపలు, వక్కలు, కొబ్బరి నూనె సీసాలు, ఎవరి మనవరాలికో వెండి పట్టీలు. వాటిని భీమిలి వైపు చుట్టాల ఇళ్ళకు చేర్చి, వాళ్ళిచ్చిన పసుపూ పచ్చళ్ళూ ఇక్కడికి తేవడం పిన్ని పని. మనిషికింత అని చేతిలో పెట్టేవాళ్ళు. ఇల్లు చాలావరకు గడిచేది దానితోనే. ఏనాడూ ఎవరూ మూట విప్పి చూపించలేదు, విప్పమని పిన్నీ అడగలేదు. "పారోతమ్మకి ఇచ్చీసినావా? అయితే సేరిపోయినట్టే" అనేవాళ్ళు.

అలాంటి మనిషి, నూకన్న బాబాయి బోటు ఇంజను పాడైందని ఫోన్లో ఏదో యాప్ పట్టుకుని అప్పు తీసుకుంది. ఫోన్లో నంబర్లన్నీ చూస్తానని అది అడిగితే సరేనని నొక్కింది. చదివితే కదా! చదివినా ఏం అనుమానపడుతుంది, ఆ ఫోన్లో దాచుకోవలసిన నంబరు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ సామాను ఇచ్చేవాళ్ళవీ, పుచ్చుకునేవాళ్ళవీ.

తుఫాను హెచ్చరికతో బోట్లు ఒడ్డునే ఉండిపోయాయి. ఒక వాయిదా తప్పింది. ఇక మొదలుపెట్టారు ఆ యాప్ వెధవలు. ముందు పిన్నికి ఫోన్లు, తర్వాత ఆమె ఫోన్లో ఉన్న ప్రతివాళ్ళకీ. ఆమె ఫొటో పెట్టి, కింద హిందీలో "యే ఔరత్ చోర్ హై, ఇసే కుఛ్ మత్ దేనా" అని, ఈవిడ దొంగ, ఈమెకేమీ ఇవ్వొద్దని, రాసి పంపారు. ఇక్కడ హిందీ రానివాళ్ళెవరు?

నేను డైరీ ఫార్మ్ అనే పేటలో మొబైల్ షాపులో పనిచేస్తాను. ఆ ఫొటో నాకూ వచ్చింది. ఒళ్ళు మండిపోయి షాపు వదిలేసి పరిగెత్తాను. పిన్ని వంటింట్లో కూర్చుని ఉంది. మోత వినలేక ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది.

"బాకీ మనదే కదే భానూ. ఆళ్ళు అంతారు, మనం పడాల" అంది.

"బాకీ ఉంటే నిన్ను అడగాల పిన్నీ. పగటేల అడగాల, మర్యాదగా అడగాల. నీ ఫోన్లో నంబర్లు తియ్యడానికి గానీ, ఊరందరికీ ఫోన్లు చెయ్యడానికి గానీ ఆళ్ళకి హక్కు లేదు. కానూన్ ఉంది."

"మనలాంటోలకి కానూన్ ఏటి సేస్తాది?"

చేసింది. నోట్లో నాలుక లేని మనిషిని చెయ్యి పట్టుకుని స్టేషన్‌కి లాక్కెళ్ళాను. వచ్చిన మెసేజ్‌లన్నీ చూపించాను. ఆ యాప్ కంపెనీలో ఫిర్యాదులు తీసుకునే ఆఫీసర్‌కీ రాశాను. కేసు రాసుకున్న పోలీసాయన, "దీదీ, గల్తీ ఉన్ లోగోం కీ హై, ఆప్ కీ నహీఁ" అన్నాడు, తప్పు వాళ్ళదే, మీది కాదని. పిన్ని ఆ మాటకే ఏడ్చింది.

ఫోన్లు ఆగిపోయాయి. కంపెనీవాళ్ళు క్షమాపణ రాశారు, అడ్డగోలుగా వేసిన జరిమానా తీసేశారు. మిగిలిన బాకీ పిన్ని కట్టేసింది. ఆ క్షమాపణని నేనే ఆమె ఫోన్ నుంచి అందరికీ పంపాను. అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు. నేను షాపులో జిలేబీ పంచాను కూడా, పిచ్చిదాన్ని.

మళ్ళీ వైజాగ్ ఓడ వచ్చింది. పిన్ని పొద్దున్నే వరండా కడిగి, చాప పరిచి కూర్చుంది. నేను సెలవు పెట్టి వెళ్ళాను. మధ్యాహ్నమైనా చాప మీద ఒక్క మూట లేదు. పక్కింటి బేబీరాణి గుమ్మం ముందు నుంచి పోతూ, తలెత్తకుండానే "ఈపాలి పోస్టులో పంపించీసినానప్పా" అంది. నీళ్ళకి కుళాయి దగ్గరికి వెళ్తే ఎవరో అంటున్నారు, నిప్పు లేందే పొగ రాదు కదా అని. నన్ను చూసి మాట మార్చారు.

సాయంత్రానికి పద్మిని వచ్చింది. పిన్ని చేత ఎన్నో ఏళ్ళుగా సామాను పంపే మనిషి. పిన్ని ముఖం విప్పారింది. "రా అమ్మా, కూకో. టీ పెడతాను" అంటూ లేవబోయింది.

పద్మిని కూర్చోలేదు. చాప మీద మూట పెట్టి, తనే విప్పింది. ఎండు రొయ్యలు, ఒక చీర, చంటిదానికి పట్టీలు. తర్వాత ఫోన్ తీసింది.

"ఏటీ అనుకోకప్పా. ఊరికే వీడియో తీసుకుంతాను. మాయన తీసుకోమన్నాడు."

తిట్టినవాళ్ళ మీద కేసు పెట్టాను, గెలిచాను. దీని మీద ఏ స్టేషన్‌లో పెట్టను? ఎవరికి రాయను? నోటికొచ్చింది అనేద్దామని లేచాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

చెదిరిన జుట్టు సర్దుకుంది. పట్టీలు రెండు చేతులతో తీసి పైకెత్తి పట్టుకుంది.

"నా మొహం కూడా పడాలా అమ్మా?" అని అడిగింది.

"పడితే మంచిదే" అంది పద్మిని.

పిన్ని వెలుతురున్న వైపు జరిగి కూర్చుంది.