పట్టిన పగ, జారిన సూర

"తోసెయ్" అని పడవ నడిపే సరంగు అరిచాడట. మా బావమరిది తోసేశాడట. అంతే, నేను సముద్రంలో ఉన్నాను.

నీళ్ళు గోరువెచ్చగా హాయిగానే ఉన్నాయి. ఒళ్ళే మండిపోయింది. మండదూ? ఏటా సీజను ముగిశాక జెట్టీ ఆఫీసు గోడకి ఒక్క ఫోటో తగిలిస్తారు, ఆ ఏటి అతిపెద్ద చేపదీ, దాన్ని పట్టినవాడిదీ. ఆ గోడెక్కాలని ఎన్నాళ్ళుగానో నా ఆశ. ఆ పూట నా గాలానికి పడ్డది పడవనే పక్కకి ఈడ్చేంత సూర చేప. శూరుడిలా రీలు తిప్పుతున్నాను. ఇంతలో బావమరిది దారం వచ్చి నా దారానికి చుట్టుకుంది. వెనకనుంచి సరంగు ఏదో అరిచాడు. నా వీపు మీద రెండు చేతులు పడ్డాయి. రాడ్డుతో సహా నేను నీళ్ళలోకి. సూర దారం తెంచుకుని తన దారి తాను చూసుకుంది.

బావమరిదే నన్ను పైకి లాగాడు. లాగాక వాణ్ణి నిలదీశాను.

"సరంగే తోసెయ్ అన్నాడు బావా. దారం నీ మెడకి చుట్టుకుంటుందేమో, తప్పించమంటున్నాడనుకున్నా."

సరంగుని అడిగితే, ఇన్నేళ్ళుగా మనుషుల్ని పడవెక్కించడమేగాని తొయ్యమని చెప్పే అలవాటు తనకి లేదని నొచ్చుకున్నాడు. మరి ఏమన్నావని అడగాలి కదా. తోసినవాడి మీద కోపం తప్ప నాకింకేమీ తోచలేదు.

పగ పట్టాను. పట్టడం నాకేం కొత్త కాదు. చేప పట్టలేకపోయిన వారం జలుబు పట్టింది, జలుబు వదిలాక పంతం పట్టింది. బావమరిదంటే బావని మరిచినవాడని మా ఆవిడకి అర్థం చెప్పాను. మరిచుంటే మళ్ళీ పైకెందుకు లాగాడని ఆవిడ అడిగింది. వాడు రోజూ ఫోన్ చేసి బతిమాలుకున్నాడు. నేను తేనె పూసి మాట్లాడి, సీజను ఆఖరి ఆదివారం మళ్ళీ వెళదాం రమ్మన్నాను. ఎర వెయ్యడం వచ్చినవాణ్ణి కదా, ముల్లు కనిపించనివ్వలేదు.

ఆ ఆదివారం మా ఆవిడ కూడా పడవెక్కింది. మొగుడికి కాపలాయో తమ్ముడికి కాపలాయో చెప్పలేదు. ఎండకి సరంగు ఎప్పట్లాగే ముక్కూ మూతీ గుడ్డతో చుట్టేసుకుని, దడదడలాడే ఇంజను పక్కన కూర్చున్నాడు.

పెద్ద సూర పడింది, బావమరిదికి. నాకు పడాల్సిన ఫోటో వాడికి పడబోతోంది. వాడు అంచు మీదికి వంగి లాగుతుంటే వెడల్పాటి వీపు నా ఎదురుగా ఉంది. గాలం పట్టుకుని కాస్త పక్కకి జరిగాను. నా దారం వెళ్ళి వాడి దారాన్ని చుట్టేసింది. కావాలని చుట్టానని ఎవరూ అనలేరు, నేను తప్ప.

సరంగు అరిచాడు. "తోసెయ్" అనే వినిపించింది. నా చెవులకంటే ముందు నా చేతులు విన్నాయి.

వాడు నీళ్ళలో తేలాడు. చేప తేలలేదు.

సరంగే అన్నాడు, నువ్వూ విన్నావు కదా అని మా ఆవిణ్ణి సాక్ష్యానికి లాగాను. విన్నానని ఆవిడ ఒప్పుకుంది. పడవ పక్కన తాడు పట్టుకుని వేలాడుతున్న బావమరిది ఉప్పునీళ్ళు ఉమ్మి, "నేను మొదట్నుంచీ చెప్పిందీ అదే కదా బావా" అన్నాడు. ముగ్గురం సరంగు వైపు తిరిగాం.

అతను ఇంజను ఆపాడు. మూతి మీది గుడ్డ కిందికి లాగాడు. చెక్కకి గుచ్చి ఉన్న కత్తిని వేలితో చూపించాడు.

"రెండు దారాలు చిక్కుపడితే ఒకటి కొయ్యాలి సార్. కోసెయ్ అన్నాను. కత్తిలో క. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే."

మా ఆవిడ తమ్ముడికి చెయ్యి అందిస్తూ నాకేసి చూసింది.

"వాడు వినబట్టి తోశాడు. మరి మీరు తొయ్యబట్టి విన్నారా?"