దూపకు నడిచే రంజన్

పొద్దున పల్లీలు ఉడకబెట్టడానికి మాణిక్యమ్మ పొయ్యి ముట్టించేసరికే ఆమె నీళ్ళ కుండ, రంజన్, గల్లీలో ఒక చుట్టు తిరిగి వచ్చేసేది. దబీర్‌పురా స్టేషన్ వెనక ఆ గల్లీలో దాన్ని ఆగి చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరికి బాగా దూపయి గొంతు ఎండితే వాళ్ళ దగ్గరికి ఆ మట్టి రంజన్ అడుగంచు మీద అటూ ఇటూ ఊగుతూ, నేల మీద తడి గీత గీస్తూ వెళ్ళేది. ఎండలో రిక్షా తొక్కి వచ్చినవాడు గ్లాసు ముంచుకుని తాగి, మూత పెట్టి, దాని పొట్ట తట్టి పంపేవాడు. దాని మీద గల్లీకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే, మలుపు దగ్గర సైకిళ్ళకు అడ్డం వస్తుందని. మెడకు గంట కట్టమని చాలామంది చెప్పి చూశారు. మాణిక్యమ్మ ఒకరి మాట వింటే కదా.

మొగుడు పోయినప్పటి నుంచి ఆమె స్టేషన్ ముందు ఉడకబెట్టిన పల్లీలు అమ్ముకుని బతుకుతోంది. నోరు మంచిది కాదు. రంజన్‌ను మాత్రం ఏనాడూ ఖాళీగా ఉంచలేదు.

గల్లీ ఆ చివర గుండయ్య ఇల్లు. మలక్‌పేట గంజ్‌లో హమాలీ. నిండు బస్తాను ఒక్క ఊపున వీపుకెత్తుకునేవాడు. ఇంటికొచ్చాక కూడా ఆ ఊపు దిగేది కాదు, భార్య రాజమణి వీపు మీదే దిగేది. అలాంటి మనిషి ఐదేళ్ళ కూతురు సావిత్రి ముందు పిల్లి అయిపోయేవాడు. ఆ పిల్ల వీపెక్కి చెవులు పట్టుకుని అదిలిస్తే స్టేషన్ గేటుదాకా నాలుగు కాళ్ళ మీద పోయేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, ఎండాకాలంలో నల్లా నీళ్ళు పైకెక్కలేదు. గుండయ్య గడ్డపార పట్టుకొచ్చి నల్లా కింద నడుములోతు గుంత తవ్వాడు. భూమిలో పైపును కోసి, గుంతలోకి దిగి బిందెలు పట్టుకునేలా చేశాడు. రాజమణిని కొట్టిన రోజుల్లో తలుపులు మూసుకున్న గల్లీ ఇప్పుడు అతన్ని దేవుణ్ణి చేసింది. ఆషాఢంలో వానలు దంచాయి. పక్కనున్న మోరీ పొంగి గుంత నిండింది. నల్లా బంద్ అయినప్పుడు ఆ మురుగు పైపులోకి దిగేది, నల్లా వచ్చినప్పుడు అదే బిందెల్లోకి వచ్చేది. మొదటి బిందె పారబోస్తే తర్వాతవి తేటగానే కనబడేవి. తేటగా ఉంటే చాలనుకున్నారు.

ముందు గల్లీలో కైలాసం అనే పెద్దాయనకు పట్టుకుంది. కక్కుడు, పారుడు. బియ్యం కడిగిన కుడితిలా పోయింది. పొద్దున మొదలైతే మాపటికి కళ్ళు గుంటలు పడ్డాయి, వేళ్ళు ముడుచుకుపోయాయి, పిక్కలు పట్టేసి కేకలు పెట్టాడు. గత్తర అన్నారు పెద్దవాళ్ళు. గత్తరకు ఆ గల్లీలో తెలిసిన వైద్యం ఒకటే, నోట్లో చుక్క నీళ్ళు పోయకూడదు, పోస్తే ఇంకా పారుతుంది. నీళ్ళు నీళ్ళు అని అరుస్తున్న కైలాసాన్ని కొడుకులు మంచానికి కట్టేశారు. రంజన్ వచ్చి గడప ముందు నిలబడింది. కాళ్ళతో తన్ని వెనక్కి నెట్టారు. దీపాలు పెట్టకముందే కైలాసం పోయాడు.

తర్వాత ఆండాలు. ఒళ్ళో పాలు తాగే పిల్ల ఉన్న తల్లి. రంజన్ ఆ గుమ్మం ముందూ నిలబడితే అత్త చీపురు తిరగేసి కొట్టింది. ఆండాలూ పోయింది. రంజన్‌ను లోపలికి రానిచ్చిన ఇళ్ళూ లేకపోలేదు. అక్కడ జబ్బుపడ్డవాళ్ళు తాగి, కక్కి, మళ్ళీ తాగి, లేచి కూర్చుని అన్నం అడిగారు. కానీ బతికినవాళ్ళను ఎవరు లెక్కపెడతారు? రంజన్ ఎక్కడ ఆగితే అక్కడ పీనుగ లేస్తుందన్న మాట గల్లీలో పుట్టి పెరిగింది.

మునిసిపాలిటీ తరఫున కమలకుమారి అనే ఆరోగ్య శాఖామె వచ్చింది, గుంటూరు వైపు మనిషి. గుంత అంచున నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అందరికీ వినబడేలా చెప్పింది. "జబ్బు ఇందులో ఉందండీ. ముందు ఈ గుంట పూడ్చేయండి. నీళ్ళు మరగకాచి తాగండి. విరేచనాలు అవుతున్నవాళ్ళకి నీళ్ళు మాన్పించారంటే ప్రాణం పోతుంది. పెద్ద చెంబుడు నీళ్ళలో గుప్పెడు పంచదార, చిటికెడు ఉప్పు కలిపి, కన్నీళ్ళకంటే ఉప్పన కాకుండా చూసుకుని, కొంచెం కొంచెంగా పడుతూనే ఉండండి. నిలవకపోతే కోరంటి అంటువ్యాధుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

గుండయ్య ముఖం మాడిపోయింది. ఎండాకాలమంతా ఆ గుంత పేరు చెప్పి అందరూ తనకు దండాలు పెట్టారు.

"నేను తవ్విన గుంతల గత్తరున్నదా?" అన్నాడు. "ఎండకాలమంత గివే నీళ్ళు తాగిర్రు గద. అప్పుడెవడు సచ్చిండు?"

గడ్డపార తీసి ఆమె కాళ్ళ ముందు నేలలో దిగేశాడు. ఆమె మళ్ళీ ఆ గల్లీకి రాలేదు. మాణిక్యమ్మ ఒక్కతే విన్నదాన్ని విన్నట్టు చేసింది. పల్లీల గిన్నె తోమి, నీళ్ళు మరగకాచి చల్లార్చి, ఉప్పూ పంచదారా కలిపి రంజన్‌లో పోసింది. నడిచేది రంజన్, నింపేది నేను అని తనలో తాను గొణుక్కుంది.

ఒకరోజు పొద్దున సావిత్రికి మొదలైంది. గుండయ్యకు ఒళ్ళు వణికింది. వణుకును కోపం చేసుకోవడం తప్ప అతనికి ఇంకోటి తెలియదు. ఇంట్లో ఉన్న బిందెలన్నీ వాకిట్లోకి తన్ని బోర్లించాడు.

"సుక్క నీళ్ళు పోసినవంటే నీ సేతులు ఇరగ్గొడ్త," అని రాజమణికి చెప్పి తలుపు బయట గొళ్ళెం పెట్టాడు.

తన గుమ్మానికి రాకముందే రంజన్‌ను పగలగొడితే పిల్ల బతుకుతుందని అతని నమ్మకం. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు, గుంతను తప్పుపట్టిన కమలకుమారి మీది కోపం కూడా అందులో కలిసింది. కైలాసం కొడుకులూ, ఆండాలు మొగుడూ కర్రలతో వెంట నడిచారు. దారిలో మరికొందరు కలిశారు. చచ్చినవాళ్ళ కోసం ఎవరినో ఒకరిని కొట్టాలి కదా.

మాణిక్యమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రంజన్ ఏదని అడిగారు.

"దూపున్నకాడికి పోయింది," అంది. "ముందుగాల నీ గుంత పూడ్సుకోపో, గుండిగా."

గడ్డపార ఆమె మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది, ఎవరూ ఆగలేదు. రాయి తగిలి నుదురు చీలింది. ఎవరో పొయ్యి తన్నారు. ఉడుకుతున్న పల్లీల నీళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి. ఇంటి కప్పు పెంకులు పగలగొట్టారు, బట్టల మూట మోరీలో పారేశారు. ముసలామె గోడవారన పడి మూలుగుతుంటే ఆమె మీదుగా దాటి ఇల్లంతా వెతికారు. రంజన్ కనబడలేదు.

అప్పుడు గల్లీ చివర నుంచి ఎవరో పిలిచి చెప్పారు, రంజన్ గుండయ్య ఇంటి ముందుందని.

గుండయ్య వానలో పరుగెత్తాడు. రంజన్ అతని గడప ఎక్కి, మూసిన తలుపును పొట్టతో నెడుతోంది. లోపల పొద్దుటి ఏడుపు లేదు. గుండయ్య పెద్దగా అరిచి గడ్డపారతో బాదాడు. మొదటి దెబ్బకు పెచ్చు లేచింది. ఆ తర్వాత ఊపిరి ఆడనంతదాకా బాదుతూనే ఉన్నాడు. రంజన్ పగిలి, నీళ్ళు వాన నీళ్ళలో కలిసి గల్లీలోకి పోయాయి. గుండయ్య తల పైకెత్తి నవ్వాడు. గండం గడిచిందనుకున్నాడు.

పెంకులు కదిలాయి. ప్రతి పెంకులోనూ గుక్కెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఒక్కొక్కటే తొణకకుండా తలుపు కింది సందులోంచి లోపలికి జరుగుతున్నాయి. గుండయ్య వాటి మీద తొక్కాడు. అరికాళ్ళు చీలి నెత్తురు కారింది. మిగిలినవి అతని కాళ్ళ మధ్య నుంచి పోతూనే ఉన్నాయి. గొళ్ళెం పీకి తలుపు తన్నాడు.

రాజమణి నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో సావిత్రి, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి కానీ వాటిలో తడి లేదు. రాజమణి ఒక పెంకు ఎత్తి పిల్ల పెదాలకు ఆనించింది. గుండయ్య గడ్డపార ఎత్తాడు.

ఆమె చెయ్యి దించలేదు. "కొట్టు," అంది. "ఈ నీళ్ళు తాగినోళ్ళు సస్తలేరు. మీరు ఆపినోళ్ళే సస్తున్నరు. నన్ను సంపినంక నా బిడ్డను గూడ నువ్వే సంపుకుంటవు."

పెళ్ళయిన నాటి నుంచి ఆమె అతనికి ఎదురు చెప్పింది లేదు. గడ్డపార గాలిలోనే ఉంది. అప్పుడు సావిత్రి నాలుక బయటికి వచ్చి పెంకు అంచు నాకింది. ఖాళీ అయిన పెంకు పక్కకు జరిగింది, నిండుది దాని చోటికి వచ్చింది. గుండయ్య చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

పిల్ల తాగినదంతా కక్కింది. రాజమణి కాసేపు ఆగి మళ్ళీ పట్టింది. ఈసారి ఇంకా కొంచెం కొంచెంగా. ఆమె చేతులు నొప్పి పుట్టాక గుండయ్య పిల్లను తన ఒళ్ళోకి తీసుకున్నాడు. బస్తాలు మోసిన ఆ వేళ్ళతో పెంకు పట్టుకోవడం రాక సగం ఒలికించాడు. పిల్ల మళ్ళీ పారింది, మళ్ళీ తాగింది. నీళ్ళు అయిపోయిన పెంకులు గోడవారన చేరి కదలకుండా పడి ఉన్నాయి.

వాన తగ్గి గల్లీలో దీపాలు పెడుతున్న వేళ గుండయ్య ఒళ్ళు వెచ్చగా తడిసింది. మళ్ళీ అదే అనుకుని కళ్ళు మూసుకున్నాడు. రాజమణి చెయ్యి పెట్టి చూసింది, వాసన చూసింది.

"ఉచ్చ," అంది. "పొద్దటిసంది పొయ్యలే. ఇప్పుడు ఉచ్చ పోసింది."

సావిత్రి చిన్నగా ఏడవడం మొదలుపెట్టింది. ఈసారి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. గుండయ్య తడిసిన లుంగీతో అలాగే కూర్చుని, గల్లీకంతా వినబడేలా ఏడ్చాడు. చాలాసేపటికి రాజమణి అతని ముఖంలోకి చూసి, ముసలామె సంగతేమయిందని అడిగింది. అతను చెంబు తీసుకుని లేచాడు. చీలిన కాళ్ళతో కుంటుతూ వెళ్ళి, నల్లా దగ్గర గుంతలోకి దిగి చెంబు నింపుకున్నాడు.

మాణిక్యమ్మ గోడకు ఆనుకుని ఉంది. విరిగిన చెయ్యి ఒళ్ళో వేలాడుతోంది, పాదాలు బొబ్బలెక్కాయి, పెదాలు ఎండిపోయాయి. పొద్దుటి నుంచి ఎవరూ ఆ వైపు రాలేదు. గుండయ్య ఆమె ముందు కూలబడి చెంబు చాచాడు.

ఆమె చెంబువైపు చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"కాచినవా?" అంది.

అతను చెంబు వెనక్కి తీసుకున్నాడు.

"కాచి తే. తాగినంక దవాఖానకు ఎత్తుకపోదువు."

గుండయ్య చెంబులో నీళ్ళతో పల్లీల గిన్నె కడిగి, మళ్ళీ నింపుకొచ్చాడు. తాను పగలగొట్టిన కప్పు పెంకుల కిందినుంచి తడవని పుల్లలు ఏరి, తన్నేసిన పొయ్యిని నిలబెట్టి, ముట్టించి ఊదుతూ కూర్చున్నాడు. నీళ్ళు తెర్లి మరిగేదాకా మాణిక్యమ్మ కళ్ళు మూయకుండా అతన్నే చూస్తూ ఉంది.