అర మారని సరుకు

ఆ బట్టల గోదాములో అందరూ ఆమెను మిషనక్క అనేవాళ్లు. పూటకో కొత్త మోడలు దించే కంపెనీయే గానీ, సరుకు లెక్క చూసేది మాత్రం ఆకుపచ్చ అక్షరాల ముసలి కంప్యూటరు. దాని తిక్క తెలిసింది మిషనక్క ఒక్కదానికే. ఆ సంగతి ఆమె ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు.

ఆ ప్రోగ్రాముకు బట్టలు తప్ప లోకంలో ఇంకేమీ తెలియదు. గేటు కార్డులు కూడా దాంతోనే నడపమన్నారు పైవాళ్లు. కొత్తది కొనడానికి వాళ్లకు చేతులు రావు మరి. మిషనక్క తలబద్దలు కొట్టుకుని, చివరికి మనుషులను బట్టలుగా ఎక్కించేసింది. మనిషికో కోడు, ఓ సైజు, పనిచేసే గది పేరుతో ఓ అర. తాను పొడుగు చేతుల చొక్కానని వాచ్‌మన్ అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

చిక్కల్లా ఒక్కటే. సీజనంతా అర మారని బట్టను ఆ ప్రోగ్రాము అమ్ముడుపోని సరుకు కింద తనంతట తానే తీసేస్తుంది. అందుకే సీజను చివర మిషనక్క ప్రతి మనిషినీ పక్క అరలోకి జరిపి, మళ్లీ వెనక్కి తెచ్చేది. ఆమె అలా జరపబట్టే తమ ఉద్యోగాలు నిలుస్తున్నాయని ఎవరికీ తెలియదు. ధర చీటీలు తగిలించే గదిలో పనిచేసే సొంత చెల్లెలికి కూడా.

కొత్త మేనేజరు వచ్చాడు. కొత్త సిస్టమ్ తెస్తానన్నాడు. ముసలి కంప్యూటరుతో పాటు తననూ బయట పారేస్తాడని మిషనక్క గుండెల్లో రాయి పడింది. తన విలువ తెలియాలని, తాను లేకపోతే ఏమవుతుందో ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పింది. భయపడతాడనుకుంది. పిచ్చిది! ఆయన కళ్లు మెరిశాయి.

"ఈసారి చీటీల గదిని మాత్రం జరపకండి," అన్నాడు. "మనం తీసేస్తే నోటీసులూ, పరిహారాలూ. సిస్టమ్ తీసేస్తే ఎవరితో పోట్లాడతారు?"

"ఆ గదిలో మా చెల్లెలుంది సార్."

"అయితే మీ కుర్చీ ఆమెకిద్దామా?"

సీజను ఆఖరి సాయంత్రం మిషనక్క మిగతా గదులన్నిటినీ జరిపింది. చీటీల గది దగ్గర చెల్లెలి కోడు మీద ఆమె వేలు ఆగింది. దీన్నొక్కదాన్నీ తప్పిస్తే మిగతావాళ్లు కూపీ లాగుతారు, తన కుర్చీ పోతుంది. అలా తనకు తాను నచ్చజెప్పుకుని, తన కోడును మాత్రం జాగ్రత్తగా జరుపుకుని ఇంటికి పోయింది. చెల్లెలు వడ్డిస్తే తలవంచుకుని తిన్నది.

మర్నాడు ఆమె అందరికంటే ముందే పనికి వచ్చేసింది. కాసేపటికి చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, మీ ముసలిదానికి ఇవాళ తిక్క రేగినట్టుంది. మా గదివాళ్ల కార్డు ఒక్కటీ పడట్లేదు. నువ్వేం కంగారు పడకు, నిదానంగానే చూడు."

"చూస్తున్నా," అంది మిషనక్క. ఆ కంప్యూటరులో ఇక చూడవలసిందేమీ లేదు. తీసేసిన కోడు మళ్లీ ఎక్కదు.

మధ్యాహ్నం వాచ్‌మన్ భోజనం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత మీద సొట్ట చూడగానే అది చెల్లెలి డబ్బా అని ఆమె గుర్తుపట్టింది. పొద్దున తొందరలో తనది ఇంట్లోనే మరిచిపోయి వచ్చింది.

గేటు దగ్గర పెద్ద రభస జరిగిందట. ఇదంతా మిషనక్క పనేనని ఎవరో ఒకావిడ అంటే చెల్లెలు ఆవిడతో కలబడిందట. మా అక్క పొద్దుట్నుంచీ మాకోసమే లోపల నానా తంటాలు పడుతోంది, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టి ఉండదు అని, తన డబ్బా ఇచ్చి పంపిందట.

"ఏం చెప్పమంటారమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"చూస్తున్నానని చెప్పు."

అతను వెళ్లాక మిషనక్క డబ్బా మూత తీసింది. గొంతు దిగదేమో అనుకుంది గానీ, దిగింది. అంతా తినేసి, డబ్బా శుభ్రంగా కడిగి, మూత బిగించి, వాచ్‌మన్ చేతికే ఇచ్చి గేటుకు పంపించింది.