నడకకు ఆకుపచ్చ దారం

ఆదివారం ఇడ్లీలు తిన్న పళ్లాలు తీసి, బల్ల తుడిచి, ఇందుమతి భర్త ముందు ఒక ఫారం పెట్టింది.

"ఇదేంటి, ఇంట్లో కూడా పరీక్షలా?" అన్నాడు త్రినాథ్.

"మా ఆఫీసు పద్ధతండీ. ఏ ఫారమైనా ముందు సొంత ఇంట్లో నింపించి చూడాలి. మొన్న గురువారం మనింట్లో ఎవరెవరు ఎక్కడికి వెళ్లారో, ఎలా వెళ్లారో రాయండి."

వచ్చే గురు, శుక్రవారాల్లో అత్లోన్ అనే ఊళ్లో ఇందుమతి శిక్షణ ఇవ్వాలి. చుట్టుపక్కల కౌన్సిళ్ల నుంచి ఇంజనీర్లు, ప్లానర్లు వస్తారు. పొగ తగ్గించుకుంటూ ఊరు ఎలా పెరగాలో, ఇళ్లు ఎక్కడ కట్టాలో, బస్సులు ఎటు నడపాలో వాళ్లకు నేర్పాలి. మొదటి గంటలో ఎవరింటి ప్రయాణాలు వాళ్లు ఈ ఫారంలో రాస్తారు. తర్వాత గోడ మీది పటంపై దారాలు కడతారు. కారుకు ఎరుపు, బస్సుకూ రైలుకూ నీలం, నడకకు ఆకుపచ్చ. ఆ పాఠమంతా ఇందుమతి రాసింది. మూడు రోజుల జీతానికి అయిదు రోజులు కూర్చుని రాసింది. మాంద్యం ముంచిన ఆ ఏడు డబ్లిన్‌లో ఉద్యోగం ఉండటమే గొప్ప అనుకోవాలి. త్రినాథ్ కాంట్రాక్టు మార్చిలోనే పోయింది.

అతను శ్రద్ధగా నింపాడు. తన పేరెదుట రెండు ప్రయాణాలు: ఇంటర్వ్యూ కోసం డాక్‌ల్యాండ్స్‌కు లువాస్ ట్రామ్‌లో వెళ్లడం, మధ్యాహ్నానికి తిరిగి రావడం. కూతురు ఆమని పేరెదుట రెండు: బడికి నడక, బడి నుంచి నడక. తల్లి చాముండేశ్వరి పేరెదుట గీత. ఇందుమతి పేరెదుట గీత.

"నాకు గీత గీశారేంటి?"

"నువ్వెక్కడికెళ్లావ్? ఇంట్లోంచేగా నీ పని."

సోఫాలోంచి అత్తగారు అందుకుంది. "ఔను మరి. తిరిగే బాధంతా వాడిదే పాపం."

త్రినాథ్ వెక్కిరించి ఉంటే బాగుండేది. అతను నిజంగానే గుర్తు చేసుకుని, ఆలోచించి, ఆ గీత గీశాడు. గురువారం పొద్దున పిల్లను బడిలో దింపింది. "అమ్మా, ఇట్స్ లాషింగ్!" అని ఆమని జోరువానలో గొడుగు కిందకు దూరితే తన కుడి భుజమంతా తడిసింది. వెనక్కి వచ్చింది. అత్తగారికి కరివేపాకు లేనిదే ముద్ద దిగదని బస్సెక్కి టాలా వెళ్లింది. తిరుగు బస్సు కదిలిపోతుంటే డ్రైవరు తనను అద్దంలో చూసి ఆపాడు. ఆ రోజు తనకోసం ఆగినవాడు అతనొక్కడే. మళ్లీ బడికి, ఇంటికి. అత్తగారి బీపీ మాత్రలకు మందుల షాపుకు, ఇంటికి. ఆమని ఈత క్లాసుకు, అక్కణ్ణుంచి పాల కోసం షాపుకు, ఇంటికి. మొత్తం పదకొండు. బడికి పిల్ల నడిచిందని రాసిన మనిషికి, ఆ పిల్ల చెయ్యి ఎవరి చేతిలో ఉందో తట్టలేదు. కోపంతో ఫారం లాక్కుని చూసింది. పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక: ఉద్యోగానికీ చదువుకూ చేసిన ప్రయాణాలు. ఆ శీర్షిక రాసింది తనే. పదకొండు ప్రయాణాలు చేసి, తడిసి వచ్చి, ఆ తడి కాళ్లతోనే కూర్చుని రాసింది.

శీర్షిక మార్చడానికి లాప్‌టాప్ తెరిస్తే మేనేజరు ఫెర్గల్ నుంచి శుక్రవారం వచ్చిన మెయిలు కనబడింది. అత్లోన్‌కు ఆమె బదులు తోటి ఉద్యోగి బ్రెండన్‌ను పంపుతున్నాడట. చిన్నపిల్లతో ఆమెకు రావడం కుదరదని గురువారం ఫోన్లో త్రినాథ్ చెప్పాడట. ఏం ఫరవాలేదు, స్లైడ్లు మాత్రం గ్రాండ్.

"నా ఫోను మీరెత్తారా?"

"చార్జింగ్‌లో పెట్టి పోయావు. మోగింది, ఎత్తాను. నీ మంచికేగా చెప్పింది. రెండు రోజులు పిల్లనెవరు చూస్తారు?"

"మీరున్నారుగా."

"నాకు ఇంటర్వ్యూలుంటాయి ఇందూ. అయినా స్లైడ్లు నీవేగా, అక్కడ నిలబడి చదివేదెవరైతే ఏం?"

"వాడి మనససలే బాగోలేదు. మొగుడు ఇంట్లో ఉంటే నువ్వు ఊళ్లు తిరుగుతావటే అమ్మాయ్?" అంది అత్తగారు.

ఆ ఫోను వచ్చినప్పుడు ఇందుమతి ఏడో ప్రయాణంలో ఉంది. ఈవిడ మాత్రల కోసం వరసలో నిలబడి ఉంది.

సోమవారం ఫెర్గల్‌కు ఫోన్ చేసింది. "త్రినాథ్ ఎత్తింది నా ఫోను, నా ఉద్యోగం కాదు. అత్లోన్ నేనే వెళ్తాను." అతను సరేనన్నాడు. తర్వాత, మిగిలిన అయిదు ఊళ్ల శిక్షణ కూడా బ్రెండన్‌కే రాసి ఉంచానని చెప్పాడు. "అవీ నేనే," అంది.

గురువారం పొద్దున బయల్దేరుతుంటే అత్తగారు మొహం అటు తిప్పుకునే ఒక డబ్బా చేతిలో పెట్టింది. పులిహోర. "రైల్లో ఏం దొరుకుతుందో ఏమో," అని గోడకు చెప్పింది.

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్లో రైలెక్కింది. దారిలో, ఊళ్లకు దూరంగా సగం కట్టి వదిలేసిన ఇళ్లు కనబడ్డాయి. బడి లేదు, బస్సు లేదు. వాటి పటాలు గీసినవాళ్ల ఇళ్లల్లోనూ ఎవరో ఒకరి పేరెదుట గీతే ఉండి ఉంటుంది.

అత్లోన్‌లో త్రినాథ్ నింపిన ఫారాన్ని, పేర్లు తీసేసి తండ్రి, తల్లి, పిల్ల, నానమ్మ అని మాత్రం ఉంచి, తెర మీద చూపించింది. "కారే లేదు. ఇంతకంటే మంచి కుటుంబం దొరకదు," అన్నాడో ఇంజనీరు. చివరి వరసలో, కౌన్సిల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే నెరసిన జుట్టావిడ కళ్లజోడు సర్దుకుంది. "ఆ పిల్లని బడికెవరు తీసుకెళ్లారు?"

ఇందుమతి రెండో ఫారం తెర మీద పెట్టింది. కొత్త శీర్షిక: ఎవరి కోసం, ఎవరు వెళ్లారు. అందరూ తమ ఫారాలు మళ్లీ నింపారు. మధ్యాహ్నానికి ఆకుపచ్చ దారం ఉండ అయిపోయింది. ఆ గుమాస్తావిడ తన సంచిలోంచి అల్లిక ఊలు తీసి ఇచ్చింది. అదీ ఆకుపచ్చే.

సాయంత్రం త్రినాథ్ ఫోను. "ఆమని ఈత సంచి ఎక్కడ? వాన కురుస్తోంది. అమ్మ మాత్రలైపోయాయంటోంది. వీటన్నిటికీ టైమెక్కడిది?"

"సంచి తలుపు వెనక ఉంది. మందుల చీటీ ఫ్రిజ్ మీదుంది."

"సర్లే, రేపటితో అయిపోతుందిగా నీది."

"లేదండీ, ఇది మొదటి ఊరు. ఇంకా అయిదున్నాయి." ఇందుమతి ఖాళీ పులిహోర డబ్బాకు మూత పెట్టింది. "వంటింటి అల్మరాలో, పళ్లాల పక్కన ఖాళీ ఫారాలు పెట్టాను. రోజుకొకటి నింపండి."