లకుముకి నీలం

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి హన్మకొండ చౌరస్తా పక్క సందులోని టీ హోటల్లో లోపలి రెండు బల్లలు కలిపి వేస్తారు. ఎనిమిదీ పదికల్లా ఫొటోల గ్రూపులోని ఏడుగురూ వచ్చేస్తారు. ఎవరి ఫొటో ప్రింటు వాళ్లు బల్ల మీద బోర్లా పెడతారు. మొదటి చాయ్ అయ్యాక ఒక్కొక్కటే తిప్పుతారు, మెచ్చుకుంటారు, తప్పులు పడతారు. చివరికి తలా ఒక చింతగింజ నచ్చిన ఫొటో కింద పెడతారు. తన ఫొటో కింద తాను పెట్టుకోకూడదు. గింజలు సమానమైతే గ్రూపులో ముందు చేరినవారిదే పైచేయి. ఒకసారి తెచ్చిన ఫొటో మళ్లీ తేకూడదు.

ఈ నియమాలన్నీ పదకొండేళ్ల కింద శ్యాంసుందర్ నోటుబుక్కులో రాసి పెట్టినవే. అతనికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది, యాభై మూడేళ్లు ఉన్నాయి, పిట్టల ఫొటోల కోసం కొన్న మోచేయంత లెన్సు ఉంది. గ్రూపు కార్యదర్శి కూడా అతనే. ఏటా ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించే గోడ మీద ఒకే ఒక ఫొటో, ముందు ఆదివారం ఎక్కువ గింజలు పడినది, వేలాడుతుంది. పదకొండేళ్లలో ఎనిమిదిసార్లు అది శ్యాంసుందర్ తీసిన పిట్టే.

పద్మలత గ్రూపులో చేరి ఏడాది కాలేదు. కొత్తవాడలో అంగన్‌వాడీ టీచరు. కెమెరా లేదు, ఫోనుతో తీస్తుంది. రెండు నెలల కింద ఆమె తెచ్చిన ప్రింటులో పక్కింటి బక్కమ్మ మగ్గం ముందు కూర్చుని జంపఖానా నేస్తోంది. ఎడమ పక్కన రంగురంగుల నూలు కండెల గంప. కిటికీ వెలుతురు బక్కమ్మ చేతుల మీద పడుతోంది. మోకాళ్లు పని చేయక మగ్గం ఎత్తేసిన రోజున, ఆఖరుసారి నేస్తుండగా తీసిన ఫొటో అది. జంపఖానా సగంలోనే ఆగిపోయింది. బక్కమ్మను కూతురు నర్సంపేటకు తీసుకుపోయింది.

ఆ వారం దానికి నాలుగు గింజలు పడ్డాయి. మరుసటి ఆదివారం పద్మలత అదే ప్రింటు మళ్లీ తెచ్చింది.

"పాతది తేవద్దమ్మా. రూలు ఉన్నది" అన్నాడు శ్యాంసుందర్.

రాజేశ్వర్ రావు కళ్లద్దాలు పెట్టుకుని ప్రింటు మీదికి వంగాడు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, దేన్నయినా కొలిచి చూస్తాడు. "పోయిన వారం ఎర్ర పట్టీ కాడ ఉన్నది. ఇయ్యాల నల్ల పట్టీ షురువైంది. బెత్తెడు నేసింది. పాత ఫొటో ఎట్లయితది శ్యాం?"

"ప్రింటు అదే గద సార్."

"ప్రింటు అదే. ఫొటో వేరే."

అందరూ ఔనన్నారు. మడికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే శశాంక్ ఇంకో చాయ్ చెప్పాడు. ఆ రోజు దానికి ఐదు గింజలు పడ్డాయి. శ్యాంసుందర్ తెచ్చిన గద్దకు ఒకటి.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే వరస. ఫోనులోని ఫొటో తీసిన రోజులాగే ఉంది. ప్రింటులో మాత్రం బక్కమ్మ పని ఆపలేదు. బల్ల దగ్గర పద్మలత స్పీకరు పెట్టి నర్సంపేటకు ఫోను చేసేది.

"ఎంతదాక వచ్చిన బిడ్డా?" అని అడిగేది అవతల నుంచి బక్కమ్మ.

"పచ్చ గళ్లు అయినయ్ అవ్వా. ఇగ అంచు ఉన్నది."

"అంచు కాడ జర మెల్లగ నెయ్యాలె. చెప్పకు, నాకు తెలుసు."

అందరూ నవ్వేవారు. శ్యాంసుందర్ నవ్వుతూనే గింజలు లెక్కపెట్టేవాడు. నాలుగు, ఐదు, ఐదు, నాలుగు. తనవి ఒకటి, ఒకటి, సున్నా, రెండు. ఈ అంకెలు అతనికి నోటుబుక్కు తెరవకుండానే గుర్తుండేవి. పళ్లెం కొనడానికి వచ్చినవాళ్ల ముందు నిలబడి ఆ అంకెలే కలుపుకునేవాడు, తీసివేసుకునేవాడు. పాకాల చెరువు గట్టున మూడు గంటలు కదలకుండా కూర్చున్నవాడిని తాను. ఆమె పక్కింటికి పోయి ఫోను ఎత్తింది. నేసింది బక్కమ్మ, వెలుతురు కిటికీది. మరి ఇందులో పద్మలతది ఏముంది? ఈ ప్రశ్న అతను ఎవరినీ అడగలేదు. ఎందుకంటే తన పిట్టల సంగతి కూడా వాళ్లు అట్లాగే అడగవచ్చు.

ఎగ్జిబిషన్‌కు మూడు వారాలుండగా అతనొక సలహా ఇచ్చాడు. "ఎడమ దిక్కు ఆ గంప అనవసరం. చూపంతా అటే గుంజుతాంది. క్రాప్ చెయ్. మనిషి, మగ్గం ఉంటే చాలు."

నిజానికి అది సరైన సలహానే. ఎవరికైనా అదే చెప్పేవాడు.

"గంప తీసేస్తే అవ్వ దేంతోని నేస్తదన్నా?" అంది పద్మలత.

బల్లంతా నవ్వింది. పదకొండేళ్లలో తన సలహాకు బల్ల నవ్వడం అదే మొదటిసారి. ఇంటికి పోయాక భార్య శారద అన్నం వడ్డిస్తూ "ఇయ్యాల ఎవరి ఫొటో మంచిగున్నది?" అని మామూలుగా అడిగింది.

"ఫొటోలు తియ్యొచ్చినోళ్లు ఎవరున్నరిప్పుడు" అన్నాడు. శారద పప్పు గిన్నె ముందుకు జరిపి మాట మార్చింది.

ఎగ్జిబిషన్‌కు ముందు వారం అందరూ ప్రింట్లు కార్యదర్శికి అప్పగించడం ఆనవాయితీ. అన్నింటికీ ఒకే రకం అట్టలు వేయడం అతని పని. శ్యాంసుందర్ తనవంతుగా లకుముకి పిట్టను పెట్టాడు. పాకాలలో ఎండిన కొమ్మ మీద, నోట్లో చేప, వీపు మీద అప్పుడే తడిసిన నీలం, రొమ్ము మీద నారింజ. అతను తీసినవాటిలో అంత మంచిది లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

బుధవారం మధ్యాహ్నం బేరాలు లేని వేళ దుకాణం వెనక గదిలో అట్టలు పరిచాడు. ఆరు ప్రింట్లు అంటించాడు. ఏడోది బక్కమ్మ. స్టీలు స్కేలు ఎడమ అంచు మీద పెట్టాడు. ఒక అంగుళం మీద పావు. సైజు సరిపోవడం లేదని మనసులో అనుకున్నాడు. సైజు సరిపోయింది. బ్లేడు ఒక్కసారే, వంకర లేకుండా నడిపాడు. గంప ఉన్న ముక్క రాలి పక్కన పడింది. దాన్ని నోటుబుక్కులో పెట్టాడు. ఫొటో మునుపటికంటే బాగుంది, చూపు నేరుగా చేతుల మీదికే పోతోంది. కాసేపటికి ఆ చేతులు ఆగాయి. బక్కమ్మ ఎడమకు తడిమింది. ఏమీ దొరక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

శ్యాంసుందర్ అట్టలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. చివర్లో బక్కమ్మ ముఖం చూడలేక తన లకుముకిని ఆమె మీద బోర్లించి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

శనివారం సాయంత్రం తీసి చూస్తే లకుముకి బూడిద రంగులో ఉంది. కొమ్మ ఉంది, చేప ఉంది, ప్రతి ఈకా లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. రంగు లేదు. పాత దినపత్రికలో అచ్చయిన బొమ్మలా ఉంది. కింద బక్కమ్మ వంగి పనిలో ఉంది. జంపఖానాకు నాలుగు వేళ్ల వెడల్పున కొత్త పట్టీ వచ్చింది, నీలం. దాని పక్కన సన్నగా ఒక నారింజ గీత మొదలై సగంలో ఆగింది.

అతను చాలాసేపు ఆ నీలం చూశాడు. అది తనది. ఫిబ్రవరి పదహారు, పొద్దున ఏడూ ఇరవై. ఎక్కడున్నా గుర్తుపడతాడు. వెంటనే ల్యాబుకు పోయి లకుముకికి ఇంకో ప్రింటు వేయించాడు. నీలం నీలంగానే వచ్చింది. ఈసారి దాన్ని విడిగా, బట్టలో చుట్టి పెట్టుకున్నాడు.

ఆదివారం బల్ల మీద ఏడు అట్టలు తిప్పారు. పద్మలత తన ఫొటో ఎడమ అంచు మీద వేలు పెట్టింది.

"గంప లేదు" అంది.

"క్రాప్ చేసినవా అక్కా? మంచిగైంది" అన్నాడు శశాంక్.

"నేను చెయ్యలే."

రాజేశ్వర్ రావు చాయ్ కప్పులో మీగడ పక్కకు ఊదాడు. ఎవరూ శ్యాంసుందర్ వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. అంతలో పద్మలత ఫోను మోగింది. ఆమె అలవాటుగా స్పీకరు నొక్కింది.

"బిడ్డా, బుధారం నుంచి చేతులు ఊకెనే ఉన్నయే" అంది బక్కమ్మ గొంతు. "కట్టేసినట్టు. బువ్వ తింటానికి గూడ లేవలే. నిన్నటి సంది మంచిగైంది. ఎవరో నీలం పంపిండ్రు."

"ఎవరు పంపిండ్రవ్వా?"

"నాకేమెరుక? నలభై ఏండ్ల సంది నేస్తాన, గసుంటి నీలం ముట్టలే. నీళ్లల్ల నుంచి అప్పుడే తీసినట్టున్నది. పంపినోడు ఎవడో గాని కండ్లున్నోడు. వాన్ని మంచిగ చూసుకోండ్రి. నారింజ మాత్రం సాలలే, చెప్పుండ్రి."

శ్యాంసుందర్ కప్పు కింద పెట్టాడు. కళ్లున్నవాడు. పదకొండేళ్లుగా ఈ బల్ల మీద అతను వినాలనుకున్న మాట అదొక్కటే. దాన్ని అన్నది అతని ముఖం ఎన్నడూ చూడని ముసలామె, అతను ఎవరో తెలియకుండా.

గింజలు పెట్టడం మొదలైంది. రాజేశ్వర్ రావు, శశాంక్, ఇంకొకరు బక్కమ్మ కింద పెట్టారు. ఇద్దరు లకుముకి కింద పెట్టారు. పద్మలత లేచి వచ్చి తన గింజ లకుముకి కిందే పెట్టింది.

"అన్నిట్ల ఇదే మంచిగున్నదన్నా" అంది. "పోయిన వారం ప్రింట్లు ఇచ్చినప్పుడు చూసిన కాడి సంది నాకు కుళ్లుగనే ఉన్నది."

మూడు, మూడు. కార్యదర్శి గింజ ఎప్పుడూ చివరిది. అది అతని అరచేతిలో ఉంది.

నియమాలు రాసినవాడు కనుక లెక్క అతనికి క్షణంలో తేలింది. గింజను మరెవరి ఫొటో కింద పెట్టినా ఇద్దరూ సమానం, ముందు చేరినవాడు తాను, ఎదురు గోడ తనది. ఆ నీలం నాదే అని చెప్పినా సరే. తనది కలిసిన ఫొటో కింద తాను గింజ పెట్టకూడదు కాబట్టి అప్పుడూ సమానమే. పేరూ దక్కుతుంది, గోడా దక్కుతుంది. ఒక్క దారిలోనే రెండూ పోతాయి.

"ఏందన్నా, గింజ మొలకెత్తుతాందా?" అన్నాడు శశాంక్.

"ఆ నీలం సంగతి ఏమన్న తెల్సునా శ్యాం?" అని అడిగాడు రాజేశ్వర్ రావు. "ఫొటో నీ బీరువాలనే గద ఉన్నది."

లకుముకిని బట్టలో చుట్టినప్పటి నీలం శ్యాంసుందర్ కళ్ల ముందు ఆడింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆపుకోవడానికి చాయ్ మొత్తం ఒక్క గుక్కలో తాగాడు.

"నాకు తెల్వదు సార్" అన్నాడు. నోటుబుక్కు తెరిచి, అంగుళం పావు ముక్క తీసి, బక్కమ్మ ఫొటో ఎడమ అంచుకు ఆనించి పెట్టాడు. "ఇది మాత్రం నేనే కోసిన. కావాలనే."

తర్వాత గింజను ఆ ఫొటో కిందికి తోశాడు.

పద్మలత అతని వైపు చూడలేదు. రెండు వేళ్లతో ముక్కను సరిగ్గా జరిపి, గీత కనిపించకుండా కలిపింది. రాజేశ్వర్ రావు నోటుబుక్కు తన వైపు లాక్కున్నాడు. "మెంబరు ప్రింటు కోస్తే ఏం చెయ్యాల్నో ఇండ్ల రాయలే నువ్వు" అన్నాడు.

"గింత దాక వస్తదనుకోలే సార్."

"రాస్త ఇప్పుడు." రాజేశ్వర్ రావు పెన్ను తీశాడు. "కార్యదర్శిగిరి శశాంక్‌ది. ఆరు నెలల దాక నీ ఫొటోలకు గింజలుండయ్. చాయ్‌కి మాత్రం రా."

ఎగ్జిబిషన్ రెండు రోజులు జరిగింది. ఎదురు గోడ మీద బక్కమ్మ వేలాడింది. మొదటి రోజు వచ్చినవాళ్లు రెండో రోజు మళ్లీ వచ్చి, ఎంత నేసిందో చూసుకుని పోయారు. అందరూ ఆ నీలం దగ్గర ఆగారు. శ్యాంసుందర్ పక్కనే నిలబడి, ఎవరెవరు ఎంతసేపు ఆగారో చూశాడు. ఒకామె నాలుగు నిమిషాలు నిలబడింది. లోపలి గోడ మూలలో ఉన్న లకుముకి దగ్గర ఎవరూ అంతసేపు ఆగలేదు. కడుపులో పాత మంటే ఉంది. కాకపోతే అది ఇప్పుడు ఎవరి మీదో అతనికి సరిగా తేలలేదు.

తర్వాతి వారం బక్కమ్మ ఫోను చేసింది. పాత గంప దొరికిందట. కానీ అందులో నారింజ లేదట. ఆ నీలం పంపినవాడిని అడగమంది.

"ఎవర్నడగాలె అవ్వా, ఎవరో తెల్వకపాయె" అంది పద్మలత. అంటూనే తన ఫొటోను బల్ల మీద మెల్లగా జరిపి, శ్యాంసుందర్ ముందు వెల్లకిలా పెట్టింది. చాయ్ చల్లారేదాకా దాన్ని వెనక్కి తీసుకోలేదు.

మరుసటి ఆదివారం అతను చీకటితోనే లేచి పాకాలకు పోయాడు. గట్టు మీద కూర్చున్నాడు. ఆరున్నరకు లకుముకి వచ్చి ఎండిన కొమ్మ మీద వాలింది. ఈసారి నోట్లో రెండు చేపలు. అతను మోచేయంత లెన్సును దాని మీది నుంచి తిప్పి, నీళ్ల మీద అప్పుడే పరుచుకుంటున్న ఎండకు గురిపెట్టాడు. ఫ్రేములో పిట్ట లేదు, కొమ్మ లేదు, గట్టు లేదు. అంచు నుంచి అంచుదాకా నారింజ. ఎవరు చూసినా ఇందులో ఏముందని అడిగే ఫొటో.

ఒక జంపఖానా అంచుకు సరిపోతుందా లేదా అని కొలుచుకుని, ఇంకొంచెం వెడల్పుగా తీసుకుని, నొక్కాడు.