వాళ్ళ బండి

తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచాక డ్రైవరమ్మ కారు తలుపు సందులోకి చూపుడువేలు పోనిచ్చి, బయటికి తీసి వెలుతురులో చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. పాత టూత్‌బ్రష్ అందుకుని, సీటు బెల్టు దిగబడే సన్నటి సందులో గీకడం మొదలుపెట్టింది. పక్కనే గోడకున్న ఛార్జింగ్ పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. మెట్ల కింద కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"వదినా, రంగు ఊడొచ్చేదాకా వదలవా దాన్ని?" అంది ఆడపడుచు, తల బయటపెట్టి.

"ఇవాళ చూడ్డానికి వస్తున్నారే. వాళ్ళ బండి వాళ్ళకి సవ్యంగా చూపించొద్దూ?"

"వాళ్ళ బండి, వాళ్ళ బండి! మా అన్నయ్యని కూడా ఇలా తోమి ఉండవు."

"మీ అన్నయ్య తోమితే తెల్లబడే రకమా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. పోయిన మనిషి మీద అంత తేలిగ్గా నవ్వుకోవడానికి వాళ్ళకు చాలా ఏళ్ళే పట్టింది.

ఆ ఎలక్ట్రిక్ కారు డ్రైవరమ్మది కాదు. మూడేళ్ళ కిందట ఒక కంపెనీ దగ్గర లీజుకు తీసుకుంది. గడువు ఇవాళ్టితో సరి. కారును పరీక్షించడానికి వచ్చే కంపెనీ మనిషికి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. మిగిలిన ధర కట్టేసి కొనుక్కోవడమో, తాళం ఆయన చేతిలో పెట్టి దండం పెట్టడమో.

పరాయి వస్తువంటే ఆమెకు ఎక్కడలేని జాగ్రత్త. బుద్ధెరిగినప్పటినుంచీ ఆమె చేతిలోకి వచ్చినవన్నీ పరాయివే మరి. పెళ్ళిలో మెడలో వేసుకున్న గొలుసు పిన్నిది. మర్నాడే సబ్బునీళ్ళతో కడిగి, మెరుగుపెట్టి మరీ తిరిగి ఇచ్చింది. ఎన్ని అద్దె ఇళ్ళు మారినా ఏ గోడకీ ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. ఖాళీ చేసేటప్పుడు ఇంటివాళ్ళు వచ్చి చూసి, ఇంతకీ ఇక్కడ ఎవరైనా కాపురం ఉన్నారా అని అడిగేవారు. ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే గదిలో ఆమె వయసంతా గడిచింది. ఎవరెవరో పడుకుని నలిపిన దుప్పట్లను కొత్తవాటిలా మడతపెట్టి ఇచ్చేది. ఆ ఆవిరికి దగ్గు పట్టుకుంది. దగ్గే మనిషి దుప్పట్ల దగ్గర పనికిరాదని వాళ్ళు పంపించేశారు. అప్పటికి భర్త పోయి ఏడాది. నలభై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకుంటానంటే చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ వేళ్ళు తీసేలోపు ఆమె లైసెన్సు తెచ్చుకుంది.

ఆడపడుచు ఏదో ఒక బంధువుల పంచకు వెళ్ళిపోతుందని కూడా అంతా అనుకున్నారు. పెళ్ళి మాటెత్తితే మిషను చప్పుడు పెంచేసే ఆ మనిషి ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళమని వదినా అనలేదు, ఉంటానని మరదలూ అనలేదు. ఒకే పొయ్యి మీద వండుకుంటూ ఉండిపోయారు.

ఇక కారు సంగతంటారా, ఏడాదికి ఇన్నే కిలోమీటర్లని లీజులో హద్దు ఉంది. దాటితే జరిమానా. అందుకని డ్రైవరమ్మ ఆసుపత్రికి వెళ్ళే రోగుల కోసం తప్ప దాని చక్రం కదిలించలేదు. కూరగాయలకు నడిచే వెళ్ళింది, వానలో గొడుగు పట్టుకుని, ఆ కారు పక్కనుంచే. కారులో ఎవరూ ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. ఆడపడుచుకైతే ఈ మూడేళ్ళలో అందులో కూర్చునే యోగమే పట్టలేదు.

చిక్కంతా ఎక్కడంటే, కారు కొనడానికి సరిపడే డబ్బు ఇంట్లో ఉంది. కానీ అది ఇద్దరూ కూడబెట్టినది. వీధి మలుపులో ఒక గది ఖాళీ అవుతోంది. రోడ్డువైపు తలుపు, పెద్ద కిటికీ, బోలెడంత వెలుతురు. మెట్ల కింద బల్బు వెలుగులో కళ్ళు చికిలించి కుట్టే ఆడపడుచు ఆ గదిలో మిషను వేసుకుంటే నలుగురి కంటా పడుతుంది, పనీ పెరుగుతుంది. కారు కొంటే గది లేదు. గది తీసుకుంటే కారు లేదు. కొత్త కారు లీజుకు కంపెనీవాళ్ళు అడిగే ధర రోగుల బాడుగలతో గిట్టదు కాబట్టి, మళ్ళీ ఆ ఆవిరి గదినే బతిమాలుకోవాలి. వారం రోజులుగా ఇద్దరూ ఈ విషయం తప్ప మిగతావన్నీ మాట్లాడుకున్నారు.

ఇవాళా అంతే. "వెళ్ళొస్తా" అంది డ్రైవరమ్మ. "ఊఁ" అంది ఆడపడుచు, సూదిలో దారం ఎక్కిస్తూ.

మొదటి బాడుగ క్రేను తాతగారిది. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. మూత్రపిండాలు చెడిపోయి, వారంలో మూడు రోజులు డయాలిసిస్‌కు వెళ్ళాలి. కూతురు చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆయన మెట్లు దిగుతూనే అరిచాడు.

"మన బండి వచ్చేసిందే!"

"మనది కాదు తాతగారూ, వాళ్ళది."

"ఎవరమ్మా ఆ వాళ్ళు? మూడేళ్ళుగా వింటున్నాను, ఒక్కసారీ కనబడరు."

"ఇవాళ కనబడతారు. ఆసుపత్రి దగ్గరికే వస్తున్నారు."

సీటులో కూర్చోబెట్టి, ఆయన నడుం వెనక దిండు సర్ది, బెల్టును, డయాలిసిస్ సూదులు గుచ్చే చేతికి తగలకుండా అటు తిప్పి పెట్టింది. గతుకుల దారి వదిలి చుట్టూ తిరిగి పోయింది. ఆ చుట్టుతిరుగుడు ఖర్చు బాడుగలో ఎప్పుడూ కలపలేదు. ఆమె బ్రేకు వేస్తే బండి ఆగిందని చూస్తే గాని తెలియదు. నిద్రపోతున్న పిల్లను భుజం మీదనుంచి పక్క మీదికి దించినట్టు ఆపుతుంది. అలా నడపమని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆరోగ్యం ఉన్నవాళ్ళకు ఆ తేడా తెలియదు కూడా.

తాతగారిని లోపలికి పంపి పార్కింగులోకి వచ్చేసరికి కంపెనీ మనిషి టార్చిలైటుతో సిద్ధంగా ఉన్నాడు. నేల మీద అట్టముక్క పరుచుకుని పడుకుని కారు అడుగుభాగం చూశాడు. చక్రాలు చూశాడు, అద్దాలు చూశాడు, సీట్ల కింద చెయ్యి పెట్టి తడిమాడు. గీతలు వెతికి వెతికి అతని మొహంలో కొంచెం నిరాశ కూడా కనిపించింది. డ్రైవరమ్మ తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని అతని వెనకే తిరిగింది.

"మేడమ్, ఈ కారు నడిపారా, దాచారా?" అన్నాడు చివరికి.

"ఏమైనా తేడా ఉందా బాబూ?"

"అదే అడుగుతున్నాను. ఏమీ లేదు!" స్టీరింగు కింద ఏదో పరికరం తగిలించి బ్యాటరీ చూశాడు. "ఇదీ గట్టిగానే ఉంది. తొందరపెట్టకుండా వాడారు. కంపెనీ జీతం తింటూ నేనీ మాట అనకూడదు గానీ, మా అమ్మకైతే కొనేసుకోమనే చెబుతాను."

"వెనక్కిస్తే ఏం చేస్తారు?"

"ఎవరికో ఒకరికి అమ్మేస్తారు. పక్క వరసలో ఇంకో కారు చూసొస్తాను. ఈలోపు ఆలోచించుకోండి."

అతను అటు వెళ్ళగానే డ్రైవరమ్మ కారుకు ఆనుకోబోయి, అలవాటు కొద్దీ ఆగిపోయింది. ఆనుకుంటే మరకలు పడతాయి. నిలబడే ఆలోచించింది. కొనాలనే ఉంది. పొద్దున్నే ఆ తలుపు తెరిచి కూర్చుంటే తానొక మనిషినని అనిపిస్తుంది. కానీ బల్బు కింద వంగి, గుడ్డను ముక్కుదాకా తెచ్చుకుని కుట్టే ఆడపడుచు కళ్ళముందు మెదిలింది. ఆ పిల్లను నోరు తెరిచి అడగడం తనవల్ల కాదు. అడిగితే కాదనదని తెలుసు. అందుకే అడగలేకపోతోంది. ఫోను తీసింది.

"పిల్లా, ఇచ్చేస్తున్నానే. నువ్వు ఆ గదివాళ్ళతో మాట్లాడుకో."

అటువైపు మిషను ఆగింది. "ఇచ్చేసి?"

"హోటల్లో అడుగుతా మళ్ళీ."

"దగ్గుతూనా?"

డ్రైవరమ్మ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఇదిగో వదినా, మూడేళ్ళు వాళ్ళ బండి, వాళ్ళ బండి అని నన్ను ఎక్కనివ్వలేదు. తడిసి ముద్దయి ఎదురొచ్చినా ఎక్కనివ్వలేదు. ఇప్పుడు తీసుకెళ్ళి వాళ్ళకే ఇచ్చేస్తే ఇక నేనెక్కేదెప్పుడు?"

"మరి నీ గదో?"

"గది కావాలని నేనెప్పుడైనా అన్నానా?"

"అనలేదు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి తొంగిచూస్తావుగా."

"చూస్తే ఏం? చూసినందుకు అద్దె కట్టమన్నారా?" ఆడపడుచు గొంతు పెంచింది. "ఈ గది కాకపోతే ఇంకో గది. నీకు ఊపిరితిత్తులు ఇంకో జత దొరకవుగా. కొనెయ్. సాయంత్రం మన కారులో నన్ను అలా తిప్పి తీసుకురా. అంతే."

ఫోను పెట్టేసింది. మన కారు. నీ కారు అనలేదు ఆ పిల్ల. అంత చిన్న మాటలో ఇద్దరూ పట్టారు. డ్రైవరమ్మకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పరాయి సొత్తును అంత పదిలంగా చూసుకున్న మనిషి ఆమె. సొంతమని ఒకటి చేతికి రావడానికి ఇంతకాలం పట్టడం ఎవరి తప్పో గాని, ఆమెది మాత్రం కాదు. కంపెనీ మనిషి తిరిగొచ్చి ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు.

"కొంటున్నాను బాబూ" అంది కళ్ళు తుడుచుకుంటూ. "సంతకం ఎక్కడ?"

తాతగారు బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బాగా నీరసించి ఉన్నాడు. డయాలిసిస్ అయ్యాక అక్కడ ఇచ్చే బన్ను ఆయన చేతిలో ఉంది. దాన్ని కాగితంలో చుట్టి, ఇంటికి చేరేదాకా ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చోవడం ఆయనకు అలవాటే. ఇవాళ కారు బయలుదేరకముందే డ్రైవరమ్మ వెనక్కి తిరిగింది.

"తినండి తాతగారూ."

"ఏంటమ్మా, ఒంట్లో బాగానే ఉందా?"

"ఫరవాలేదు, తినండి. ఇది మన బండి."

తాతగారు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. బోసినోరు మొత్తం తెరిచి నవ్వాడు. "కొన్నావూ! అయితే ఈ బండిలో మొదటి భోజనం నాదే."

నిదానంగా, ఇష్టంగా తిన్నాడు. పొడి ఒళ్ళో రాలింది, సీటు మీద రాలింది. అద్దంలోంచి చూస్తున్న డ్రైవరమ్మకు చెయ్యి దులపడానికి లాగింది గాని, స్టీరింగు వదల్లేదు.

"క్రేను క్యాబిన్లో ఒక్కణ్ణే కూర్చుని తినేవాణ్ణి" అన్నాడు ఆయన. "అంత ఎత్తున ఎవరొస్తారు? ఆ క్రేను నాది కాదు, ఆ ఓడలు నావి కాదు. కింద రాలిన పొడి మాత్రం నాదేనమ్మా. ఊడ్చేవాణ్ణి కాదు. పిట్టలొచ్చి తిని పోయేవి."

సగం తిని, మిగతా సగం మళ్ళీ కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. ఇల్లు వచ్చింది. దిగేటప్పుడు ఆమె దాన్ని అందివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. మన బండేగా. మళ్ళీ వచ్చినప్పుడు తింటా."

"పాడైపోతుంది తాతగారూ."

"అయితే అవుతుంది. నాకూ ఒకచోట వస్తువు పెట్టుకునే హక్కుందని తెలియాలిగా" అని, కూతురి చెయ్యి పట్టుకుని, నవ్వుకుంటూ మెట్లెక్కాడు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు మంచి బట్టలు వేసుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో బ్యాగుతో నిలబడి ఉంది. సినిమాకు బయలుదేరిన చిన్నపిల్లలా ఉన్నావే అని డ్రైవరమ్మ ఆటపట్టించబోతుండగా ఫోను మోగింది. తాతగారి కూతురు.

"అమ్మా, ఎల్లుండి రావద్దు" అంది ఆమె. "నాన్న అన్నం తిని పడుకున్నారు. బండి గురించే చెప్పారు పడుకోబోయే ముందు. మళ్ళీ లేవలేదు. నిద్రలోనే... డాక్టరు గుండె ఆగిందన్నారు. బాధేం పడలేదట."

డ్రైవరమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆడపడుచు పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆడపడుచే ముందు లేచింది.

"పద వదినా. ఆ అమ్మాయి ఒక్కతే ఉంటుంది. మన బండి ఉందిగా."

ఆడపడుచు మొదటిసారి ఆ కారెక్కింది. అది షికారుకు కాదని ఇద్దరిలో ఎవరూ అనలేదు. బ్యాగు వెనక పెట్టబోయి ఆడపడుచు ఆగింది. "అయ్యో, సీటంతా పొడి" అంటూ దులపడానికి చెయ్యి చాచింది.

"ఉండనీ" అంది డ్రైవరమ్మ.

ఆడపడుచు బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. కారు చప్పుడు లేకుండా వీధిలోకి కదిలింది. వెనక సీటు మీద, రాలిన పొడి మధ్యలో, కాగితంలో చుట్టిన సగం బన్ను ఉంది.